గనుల మట్టిగుట్టలు, వాననీరు, మన రైలుకట్ట

(సమాఖ్య కార్యకర్తల శిక్షణా తరగతులలో, పదవీ విరమణ చేసిన ఒక పర్మనెంట్ వే ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠము)



నిన్న భోజన విరామ సమయమున ఒక ఆర్.ఎమ్.ఎస్. సోదరుడు నన్ను ప్రక్కకు పిలిచి, "అయ్యా, మట్టిదిబ్బలు జారుట గని కార్మికుల సమస్య గదా, సంచులు సార్టింగు చేసుకొను మాకు ఆ పాఠమెందుకు?" అని అడిగినారు. న్యాయమైన ప్రశ్న. దీనికి నేను ఒక్క మాటతో సమాధానం చెప్పజాలను. బొగ్గు రవాణాకు సైడింగు లేని గని అరుదు. గని కాలనీకి ఒక పోస్టాఫీసు ఉండును. గని తవ్విన మట్టి ఎక్కడో ఒకచోట పోయవలసినదే. ఆ చోటు తరచుగా మన సైడింగు ప్రక్కన, మన కాలనీకి ఎగువన ఉండును. రామగుండం, మణుగూరు, శ్రీరాంపూర్ ప్రాంతాలలో పనిచేసిన సోదరులకు ఓబీ గుట్టలను గూర్చి నేను వర్ణించి చెప్పనవసరం లేదు. తాల్చేరు, సింగ్రౌలీ, కోర్బాలకు బదిలీపై పోయినవారు కూడ అవే గుట్టలను అక్కడ చూచియుందురు.

ఈ విషయమున ప్రపంచమంతటికీ పాఠము నేర్పిన సంఘటన ఒకటి ఉన్నది. అది మన దేశంలో జరిగినది కాదు. బ్రిటనులోని దక్షిణ వేల్స్ ప్రాంతాన అబర్‌ఫాన్ అను చిన్న గని గ్రామంలో 1966 అక్టోబరు 21వ తేదీ శుక్రవారం నాడు జరిగినది.

మెర్తిర్ వేల్ గని నుండి వచ్చు రాతిచెత్తను గ్రామానికి ఎగువనున్న కొండపై కుప్పలుగా పోసేవారు. అట్టివి మొత్తం 7 కుప్పలు. ఏడవదానిని 1958లో ప్రారంభించినారు. 1966 నాటికి దాని ఎత్తు 111 అడుగులు. ఎట్టి నేల పరీక్షలూ జరుపకుండ, బోరు వేసి చూడకుండ దాని స్థలాన్ని ఎంపిక చేసినారు. దాని క్రింద నీటి ఊటలు ఉన్నవి. ఆ ఊటలు సర్కారువారి సర్వే పటాలలో గుర్తింపబడియే ఉన్నవి. ఊరిలోని పెద్దవారందరూ ఎరిగినవే. అయినను ప్రమాదానంతరం బొగ్గు బోర్డు అధ్యక్షుడు లార్డ్ రోబెన్స్ ఆ ఊటలు ముందుగా ఎవరికీ తెలియనివని ప్రకటించినారు. విచారణలో ఆ వాదన నిలువలేదు.

ఆనాటి ఉదయం కొండపైకి పోయిన కార్మికుల బృందం కుప్ప శిరోభాగం సుమారు 10 అడుగులు క్రుంగియుండుట చూచినది. క్రేను నడిచే పట్టాలు గుంటలో పడియున్నవి. టెలిఫోను తీగ దొంగలపాలైనందున ఒక మనిషి కాలినడకన క్రిందికి దిగి వార్త చెప్పవలసి వచ్చినది. ఫోను ఉన్నను ప్రాణాలు దక్కియుండెడివి కావని తరువాత విచారణ సంఘం తేల్చినది. అది వేరు విషయం. గ్రామమంతా పొగమంచు. మరునాటి నుండి బడికి సెలవులు. ఉదయం 9 గంటల 15 నిమిషాల ప్రాంతమున కుప్ప కదలినది. సుమారు 1,10,000 ఘనపు మీటర్ల చెత్త జారినది. అందులో అధికభాగం కొండ దిగువ వాలుపైనే నిలిచిపోయినది. మిగిలినది 20, 30 అడుగుల ఎత్తు అలవలె పాత రైలుకట్టను దాటి, దారిలో నీటి గొట్టాలను పగులగొట్టి, పాంట్‌గ్లాస్ ప్రాథమిక పాఠశాలపై పడినది. 116 మంది పిల్లలు, 28 మంది పెద్దలు మరణించినారు. పిల్లలలో అత్యధికులు 7 మొదలు 10 సంవత్సరాల వయస్సువారు. ఉదయం 11 గంటల తరువాత ఒక్కరినీ ప్రాణాలతో వెలికితీయలేకపోయినారు. గనిలో పనిచేయు తండ్రులు షిఫ్టు వదలి పైకి వచ్చి, తమ చేతులతోనే ఆ మట్టిని తవ్వినారు.

మట్టి ఎందుకు జారినది? ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పుకొనక తప్పదు. మట్టిని కట్టలుగా కట్టి, కటింగులుగా కోసిన మన రైల్వేవారికి ఇది చిరపరిచితమే.

నీరు నూనెవలె పనిచేసి మట్టిని జారవేయునని మనలో చాలమంది అనుకొందురు. అది పొరపాటు. మీరు బావిలో నుండి బొక్కెన తోడునప్పుడు గమనించండి. బొక్కెన నీటిలో ఉన్నంతసేపు చేతికి బరువు తెలియదు. నీటి మట్టం దాటి పైకి రాగానే చేయి లాగును. నీటిలో ఉన్నప్పుడు ఆ బరువును నీరు మోయుచున్నది. మట్టిరేణువుల విషయమూ అంతే. రేణువు రేణువుపై ఎంత బరువుతో అదిమి కూర్చుండునో అంత రాపిడి. ఆ రాపిడియే గుట్టను నిలబెట్టునది. రేణువుల మధ్య సందులలో నీరు నిండి ఒత్తిడి పెరిగినప్పుడు బరువులో కొంత ఆ నీరు మోయును. రేణువుల నడుమ అదుము తగ్గును, రాపిడి తగ్గును. బరువు మాత్రం తగ్గదు, పైపెచ్చు నీటి బరువు కూడ తోడగును. ఈ సూత్రాన్ని కార్ల్ టెర్జాగీ అను ఇంజనీరు 1920ల దశకంలో శాస్త్రబద్ధం చేసినాడు.

లెక్కవేసి చూతము. ఒక గుట్ట వాలు 20 డిగ్రీలు, దాని మట్టి రాపిడి కోణం 36 డిగ్రీలు అనుకొందము. మట్టి పొడిగా ఉన్నప్పుడు క్రిందికి లాగు బలం కంటె పట్టి ఉంచు బలం 2 రెట్లు ఉండును. ఏ ఇంజనీరైనను నిశ్చింతగా నిద్రించగలడు. ఇప్పుడు ఆ గుట్ట పైదాక నీరు పట్టి, ఆ నీరు వాలు వెంబడి లోపల పారుచున్నదనుకొనుడు. ఘనపు మీటరు తడిమట్టి బరువు 2 టన్నులైతే, అందులో దాదాపు 1 టన్ను నీరే మోయుచున్నది. పట్టి ఉంచు బలం సగమైపోవును. 2 రెట్లున్నది ఒక్క రెట్టు అయినది. అనగా ఆ గుట్ట జారుటకు సిద్ధముగా ఉన్నది. వాలు మారలేదు, ఎత్తు మారలేదు, మట్టి మారలేదు. నీరొక్కటే మారినది. కనుకనే నేను ఎప్పుడూ చెప్పుదును: గుట్ట ఎంత ఎత్తని అడుగుటకు ముందు, దాని నీరు ఎటు పోవుచున్నదని అడుగవలెను.

అబర్‌ఫాన్‌లో మరొక దోషం తోడైనది. ఏడవ కుప్పలో రాతిచెత్తతో పాటు బొగ్గు శుద్ధిలో మిగిలిన మెత్తని టెయిలింగ్స్ కూడ పోసినారు. ఎట్టి దిమ్మిసా లేక వదులుగా పడిన మెత్తని మట్టి నీటితో నిండి కదలినచో, రేణువులు దగ్గరకు చేరబోయి, ఆ సందులోని నీటిని నొక్కును. నీరు తప్పించుకొనుటకు వ్యవధి ఉండదు. ఆ నీటి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి మట్టి మొత్తం చిక్కని ద్రవమై ప్రవహించును. కట్ట జారి పాదం దగ్గర ఆగుటకు, ద్రవమై అర మైలు పారుటకు మధ్య గల భేదం ఇదియే. ఆ అక్టోబరు మొదటి మూడు వారాలలో అక్కడ 6 అంగుళాలకు పైగా వాన కురిసినది.

ఇక నీటిని తప్పించు విధానాన్ని గూర్చి. దీనిపై కొంచెం ఎక్కువసేపు నిలుతును, ఎందుకనగా గుట్టల భద్రతలో ముప్పాతిక భాగం ఇదే.

మొదటిది స్థలం. ఊటలపైన, వాగు పడకపైన గుట్ట పోయరాదు. పోయక తప్పనిచోట, పోయుటకు ముందే నేలపైని మెత్తని మట్టిని, గడ్డీ గాదమును తొలగించి, ఊట నోటి నుండి గుట్ట వెలుపలి వరకు గట్టి రాళ్ళతో డ్రెయిను వేయవలెను. రాయి ఎండకు వానకు చితికి పిండియగు షేలు రాయి కారాదు. ఇక్కడ ఒక మర్మం ఉన్నది. పెద్ద రాళ్ళ చుట్టూ నేరుగా మెత్తని మట్టి పడినచో, కొన్నేండ్లలో మట్టి రాళ్ళ సందులలో దూరి డ్రెయిను మూసుకుపోవును. మన బ్యాలస్టులోకి క్రిందినుండి బురద ఎగదన్నినప్పుడు ఏమగునో గ్యాంగు సోదరులకు తెలియును. అందుకే రాళ్ళకు మట్టికి నడుమ ఇసుక, కంకర పొరలు వేయవలెను. మట్టిని ఆపునంత సన్నముగా, నీటిని వదలునంత ముతకగా ఆ పొర ఉండవలెను. దీనికి కొలతల నియమం కూడ టెర్జాగీ ఇచ్చినదే. వడపోత పొరలోని సన్నపాటి రేణువులు, క్రింది మట్టిలోని ముతకపాటి రేణువులకు 4, 5 రెట్ల పరిమాణం మించకూడదు.

రెండవది, పైనుండి వచ్చు నీరు గుట్టను తాకకుండ చుట్టూ త్రిప్పివేయుట. కటింగు పైభాగమున మనం తవ్వు క్యాచ్ వాటర్ డ్రెయినే ఇది. గనులలో దీనినే గార్లండ్ డ్రెయిను అందురు. పేరుకు ప్రతి గనిలోను ఉండును. కొలత ఎవరు వేసినారని అడుగుడు! గుట్టకు ఎగువన 40 హెక్టార్ల నేల ఉన్నదనుకొందము. గంటకు 60 మిల్లీమీటర్ల వాన మన ప్రాంతాన వింత కాదు. అందులో సగం నేలలో ఇంకి, సగం పారినను గంటకు 12,000 ఘనపు మీటర్లు, అనగా సెకనుకు 3 ఘనపు మీటర్లకు పైమాట. సెకనుకు 2 మీటర్ల వేగంతో అది పారవలెనన్నచో మీటరున్నర వెడల్పు, మీటరుకు మించిన లోతు గల కాలువ కావలెను. పారతో గీసిన అడుగు లోతు గాడి ఈ పనికి రాదు. అట్టి గాడి లేకున్న నీరు వెడల్పుగా పరచుకొని పోవును. గాడి ఉండి మధ్యలో తెగినచో నీరంతా ఒక్కచోట గుట్టలోకి దిగును. అనగా చాలీచాలని కాలువ అసలు లేని కాలువ కంటె ప్రమాదకరం.

మూడవది గుట్ట ఆకృతి. టిప్పర్లు పై అంచు నుండి మట్టిని క్రిందికి దొర్లించినచో అది తన సహజ వాలుకు, అనగా నిలువగలిగిన ఆఖరి వాలుకు వచ్చి ఆగును. మరి కొంచెం కదపినను జారును. దానికి బదులు క్రింది నుండి పొరలు పొరలుగా పోసి, యంత్రాలతో త్రొక్కించి, మెట్లు మెట్లుగా పైకి తీసుకుపోవలెను. ప్రతి మెట్టు కొద్దిగా లోపలివైపుకు వాలి, నీరు వాలు ముఖంపై పడకుండ లోపలి కాలువలోకి చేరి, అక్కడి నుండి రాయి పరచిన జారుడు కాలువల ద్వారా దిగువ చెరువులోకి పోవలెను. బురద అక్కడ పేరుకొనును, తేటనీరు వాగులోకి పోవును. వాలుపై గడ్డి, వట్టివేరు నాటవలెను. కాని వేళ్ళు పైపొరనే పట్టును. లోతున నీరు నిండిన గుట్టను ఏ చెట్టూ ఆపలేదు. మొక్కలు నాటి ఫోటోలు తీయించుకొను అధికారులకు ఈ మాట రుచించదు.

మన దేశంలో నియమాలు లేవా? ఉన్నవి. 2017 నాటి కోల్ మైన్స్ రెగ్యులేషన్లు మట్టిగుట్ట వాలు ఎట్టి పరిస్థితిలోను 37.5 డిగ్రీలు మించరాదని, 30 మీటర్ల ఎత్తు మించినచో మెట్లు తీయవలెనని, ఏ మెట్టూ 30 మీటర్లు దాటరాదని, మొత్తం మీద ఒక మీటరు ఎత్తుకు కనీసం మీటరున్నర అడ్డం ఉండవలెనని నిర్దేశించినవి. సోదరులారా, తరువాతి నియమం వ్రాసికొనుడు. గుట్ట పాదం రైలు మార్గానికి గాని, ప్రజల రోడ్డుకు గాని, గని యజమానికి చెందని కట్టడానికి గాని 100 మీటర్ల లోపునకు రాకూడదు. నడుమ కంచె కూడ ఉండవలెను. ఇది గని చట్టములో మన కొరకు వ్రాసిన వాక్యం. మనలో ఎందరికి తెలియును?

నియమాలు పుస్తకంలో ఉన్నంత మాత్రాన గుట్ట ఆగదు. ఝార్ఖండ్ రాష్ట్రం గొడ్డా జిల్లా లాల్మాటియా వద్ద రాజ్‌మహల్ ఓపెన్‌కాస్టు గనిలో 2016 డిసెంబరు 29 రాత్రి, 300 మీటర్ల పొడవు, 110 మీటర్ల వెడల్పు గల ప్రదేశం దాదాపు 35 మీటర్లు క్రిందికి జారినది. కదలిన మట్టి సుమారు 95 లక్షల ఘనపు మీటర్లు, అనగా అబర్‌ఫాన్‌కు 80 రెట్లకు మించి. 23 మంది కార్మికులు చనిపోయినారు. వారు కాంట్రాక్టరు క్రింద పనిచేయువారు. మన తూర్పు పొరుగుననున్న బర్మాలో, హ్‌పాకాంత్ పచ్చరాళ్ళ గనుల వద్ద 2020 జూలై 2వ తేదీన వానలలో చెత్తగుట్ట కూలి 170 మందికి పైగా మరణించినారు. చెత్తలో రాళ్ళు ఏరుకొని బ్రతుకు పేదవారు వారు.

మరల అబర్‌ఫాన్‌కు వత్తును. తపాలా సోదరులు ఇచ్చట శ్రద్ధగా వినవలెను. 1963 జూలైలో ఆ పట్టణ పురపాలక సంఘం ఇంజనీరు, బడి వెనుక బొగ్గు స్లర్రీ పోయుట వలన అపాయమున్నదని ఉత్తరం వ్రాసినారు. ఆ ఉత్తరం చేరినది. జవాబులు కూడ చేరినవి. 1965లో ఇద్దరు తల్లులు బడి వద్దకు కొండ నీరు వచ్చుచున్నదని మహజరు ఇచ్చినారు. అదీ చేరినది. అంతకు పూర్వమే, 1939లో సమీపాన కిల్వనిద్ అనుచోట ఒక కుప్ప జారి రోడ్డును కప్పినప్పుడు, కుప్పలను ఎక్కడ పోయవలెనో, నీటిని ఎట్లు తప్పించవలెనో వివరించు పత్రం ఒకటి తయారైనది. 1965లో మరొక గని వద్ద జారుడు సంభవించిన పిమ్మట ఆ పత్రాన్ని దుమ్ము దులిపి తిరిగి పంపిణీ చేసినారు. తపాలా వ్యవస్థ తన పని లోపం లేకుండ చేసినది. చదివినవారు లేచి కొండ ఎక్కలేదు.

లార్డ్ జస్టిస్ ఎడ్మండ్ డేవిస్ అధ్యక్షతన విచారణ సంఘం 76 దినాలు కూర్చుండి, 1967 ఆగస్టులో నివేదిక ఇచ్చినది. బాధ్యత బొగ్గు బోర్డుదేనని స్పష్టముగా చెప్పినది. దుర్మార్గుల కథ కాదిది, పని తెలియనివారిపై ఆ పని మోపుట, పైనుండి మార్గదర్శనం లేకపోవుట దీనికి కారణమని కూడ చెప్పినది. అయినను బోర్డులో ఒక్కరి ఉద్యోగమూ పోలేదు. ఒక్కరిపైనా కేసు నడువలేదు. బిడ్డ ఒక్కింటికి బోర్డు ఇచ్చిన పరిహారం 500 పౌండ్లు. ఇంతకంటె ఘోరమైనది మరొకటి గలదు. మిగిలిన కుప్పలను కొండపై నుండి తొలగించుడని ఊరివారు పోరాడగా, ఆ ఖర్చులో 1,50,000 పౌండ్లు ప్రజలు పంపిన విరాళాల నిధి నుండియే 1968లో తీసుకున్నారు. చనిపోయిన పిల్లల పేరిట వచ్చిన సొమ్ముతో, వారిని చంపిన చెత్తను ఎత్తించినారు. ఆ మొత్తాన్ని ప్రభుత్వం 1997లో తిరిగి ఇచ్చినది, వడ్డీ లేకుండ.

1969లో అక్కడ కుప్పల భద్రతకు ప్రత్యేక చట్టం వచ్చినది. అంతవరకు గని చట్టం గని లోపలనే చూచినది, వెలుపల పోసిన మట్టిని పట్టించుకొనలేదు. అయినను మూసివేసిన గనుల పాత కుప్పలు మిగిలిపోయినవి. 2020 ఫిబ్రవరి తుఫానులో టైలర్‌స్టౌన్ వద్ద అట్టి పాత కుప్ప ఒకటి జారినది. అదృష్టవశాత్తు ప్రాణనష్టం లేదు. ఆ పిమ్మట వేల్స్ ప్రభుత్వం లెక్క తీయగా రెండు వేలకు పైగా మూతపడిన కుప్పలు తేలినవి. వీటి కొరకు 2025లో మరొక చట్టం చేయవలసి వచ్చినది. గని మూతపడును, జీతాలు ఆగును. గుట్టలోని నీరు మాత్రం ఆగదు.

ఇక నా స్వానుభవం ఒకటి చెప్పెదను. పేర్లు చెప్పను, ప్రాంతం కూడ చెప్పను. 2018 వర్షాకాలంలో నేను ఒక బొగ్గు సైడింగుకు బాధ్యుడను. మన పాత భాషలో పి.డబ్ల్యు.ఐ.ని. మా పట్టాలకు కుడివైపున గని మట్టిగుట్ట. నేను చేరిననాడు దాని పాదం దూరముగా ఉండెడిది. రెండేండ్లలో అడుగులతో కొలిచిచూడగా 60 అంగలకు వచ్చినది. మా సైడ్ డ్రెయిను షేలు బురదతో పూడుచున్నది. తీయించినకొలది పూడుచున్నది. నేను గనివారికి మూడు ఉత్తరాలు వ్రాసినాను. "అన్నియు పరిమితులలో ఉన్నవి" అని ఒకదానికి జవాబు వచ్చినది. మా పై ఆఫీసుకు పంపిన నకళ్ళకు ఆ జవాబైనా రాలేదు.

ఆగస్టులో ఒక ఉదయం మా ట్రాక్‌మన్ నా ఇంటికి వచ్చినాడు. "సార్, నిన్నటిదాంక కాల్వల నీళ్ళు తేటగ ఉండె. ఇయ్యాల చిక్కగ, నల్లగ వస్తున్నయ్. కంచె గుంజలు మన దిక్కు ఒరిగినయ్. పైకి వొయ్యి చూసొచ్చిన, నా చెయ్యి పట్టేంత నెర్రె వడ్డది" అన్నాడు. ఏ ఇంజనీరూ ఇంతకంటె చక్కగా నివేదిక వ్రాయలేడు. తేట ఊట బురదగా మారుట లోపల మట్టి కొట్టుకుపోవుచున్నదనుటకు గుర్తు. గుంజలు ఒరుగుట పాదం కదలుటకు గుర్తు. శిఖరాన నెర్రె విచ్చుట జారుడు మొదలైనదనుటకు గుర్తు. నేను వెంటనే ఆ సైడింగుపై రాకపోకలు ఆపించినాను. ఖాళీ రేకు ఒకటి బయటనే నిలిచిపోయినది. ఎన్ని గంటల డిటెన్షన్, ఎవరు బాధ్యులు అని ఫోన్లు మొదలైనవి. ఆ రాత్రి రెండు గంటలకు గుట్ట జారి, 70 మీటర్ల మేర పట్టాలను కప్పినది. ఎవరికీ గోరు కూడ ఊడలేదు.

కథ ఇక్కడ ముగిసినచో బాగుండెడిది. పది దినాల తరువాత ఆ ట్రాక్‌మన్‌కు మెమో వచ్చినది. డ్యూటీ సమయంలో తన బీటు వదలి 400 మీటర్లు రైల్వే హద్దు వెలుపలికి, అనుమతి లేక గని ప్రాంతంలోకి పోయినందుకు సంజాయిషీ ఇవ్వుమని. ఆ మెమో రద్దు చేయించుటకు మన బ్రాంచికి ఐదు నెలలు పట్టినది. అందులో మొదటి నెల నేనే తటపటాయించినాను. పై అధికారులతో వైరమెందుకని. ఇది చెప్పుటకు నాకు సిగ్గుగానే ఉన్నది. ఇద్దరు మిత్రులు గట్టిగా అడిగిన పిమ్మట అతని తరపున వ్రాతపూర్వకముగా వాఙ్మూలం ఇచ్చినాను.

నేడు గుట్టల కదలికను మిల్లీమీటర్లలో పసిగట్టు రాడార్లు ఉన్నవి. గుట్టలో నీటి ఒత్తిడి కొలుచు పీజోమీటర్లు ఉన్నవి. పెద్ద గనులలో వాటిని పెట్టుచున్నారు. మంచిదే. అయినను వాటి అంకెలు గని ఆఫీసు గదిలో ఉండును, గుట్ట పాదం దగ్గర మన ట్రాక్‌మన్ ఉండును. వర్షాకాలంలో రాత్రి గస్తీ, అపాయకర స్థలాలలో కాపలా మనకు నూరేండ్లుగా అలవాటైన పద్ధతి. దానినే సైడింగుల వెంట గుట్టలున్న చోట్లకు కూడ విస్తరించవలెనని, గస్తీ మనిషి హద్దు దాటి గుట్టను చూచి వచ్చుటకు స్థిరమైన అనుమతిపత్రం ఇప్పించవలెనని, రాకపోకలు ఆపినవానిపై డిటెన్షన్ పేరిట చర్య తీసుకొనరాదని రేపటి తీర్మానంలో నేను ప్రతిపాదించబోవుచున్నాను. గనివారి కొలతలు వారానికొకసారి మన స్టేషనుకు అందవలెనన్నది నాలుగవ కోరిక. ఇది కష్టసాధ్యం, అయినను అడిగెదము.

వ్రాయు ఉత్తరాల సంగతి తపాలా సోదరులు మాకు నేర్పవలెను. 2025లో రిజిస్టర్డు పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయినది. చేరినట్లు సంతకం ఎట్లు పొందవలెనో, ఆ రశీదును ఎన్నేండ్లు దాచవలెనో బ్రాంచి కార్యదర్శులలో చాలమందికి తెలియదు. ఒక గంట తరగతి దీనికి కేటాయించుడని అధ్యక్షులను కోరుచున్నాను.

రేపు ఉదయం 7 గంటలకు ఇక్కడికి సమీపంలోని సైడింగుకు పోవుదము. అచ్చటి గుట్ట పాదం నుండి పట్టాల వరకు టేపుతో కొలిచి చూతము. 50 మీటర్ల టేపు నా వద్ద ఉన్నది, రెండవది ఎవరైనను తెచ్చిన మేలు. డ్రెయిను నీటిని సీసాలో పట్టి తెచ్చుకొందము. వాన వచ్చు సూచనలున్నవి, గొడుగులు మరువకుడు.